సముద్రయాన నిషేధము నిజముగా తొలగినదా?

మన దేశమున సముద్రయాన నిషేధము నశించి నూఱేండ్లు దాటినదని చదువుకొన్నవారందఱును నమ్మియున్నారు. శ్రీకాకుళమునగాని విజయనగరమునగాని ఏ వీధికి పోయినను, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కుమారుడుగల గృహస్థు ఒకడైనను కనబడును. అతనిని ఎవరును వెలివేయరు. సరికదా, పెండ్లిపందిళ్లలో ముందువరుసను కుర్చీవేసి కూర్చుండబెట్టుదురు. దీనిని చూచి, పొలిమేర దాటుట దోషమను కాలము గడచిపోయినదని మనవారు సంతోషించుచున్నారు. ఈ సంతోషము తొందరపాటని మా యభిప్రాయము. ఆ నిషేధము పూర్వము తాటాకు గ్రంథములలో నుండెడిది. ఇప్పుడు మన నట్టింట కాపురమున్నది. గ్రంథములలో నున్నపుడు దానితో వాదించుటకు వీలుండెను. నట్టింట చేరినది గనుక దాని పేరెత్తువారే లేరు.

ఎట్లని యడుగుదురేని వినుడు. ఒక యింటి యువకుడు ఇరువది లక్షలు అప్పుచేసి పరదేశమునకు చదువునకు పోవుదుననిన, తల్లిదండ్రులు పొలము తాకట్టుపెట్టియైనను పంపుదురు. ఏజెంటు చేతిలో రెండు లక్షలు పోసి గల్ఫునకు కూలిపనికి పోవుదుననిన, కన్నీరు తుడుచుకొని పంపుదురు. అదే యువకుడు, "జీతంలో మిగుల్చుకున్న ఇరవైవేలు ఉన్నాయి. ఎవరికీ అప్పు లేదు. పదిరోజులు ఒక్కడినీ వెళ్లి ఒక పరాయిదేశం చూసి వస్తాను" అనినచో ఇల్లంతయు ఉలికిపడును. "ఎందుకు? ఎవరితో? ఏం లాభం?" అని మూడు ప్రశ్నలు మూడు దిక్కులనుండి వచ్చి మీదపడును. అడిగినది ఆడపిల్లయైనచో ఆ మూడు ప్రశ్నలును ఉండవు. సంభాషణయే అంతటితో ముగియును. లాభముకొఱకు, అప్పుతో, పరుని చేయిపట్టుకొని దాటిన సముద్రము పవిత్రమట! తెలిసికొనుటకొఱకు, సొంత సొమ్ముతో, తన కాళ్లమీద దాటిన పొలిమేర దోషమట! ఈ విపరీతమును గుఱించియే మేము వ్రాయబూనితిమి.

మొదట శాస్త్రము మాట ముగింతము. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో చేర్చినమాట నిజమే. మనువు సముద్రయాయిని శ్రాద్ధభోజనమునకు తగనివారి పట్టికలో వేసినమాటయు నిజమే. తరువాతి నిబంధనకారులు ద్విజుని నౌకాయానమును కలివర్జ్యములలో లెక్కించిరి. కాని ఆ బౌధాయనుడే సముద్రయానము ఉత్తరదేశీయుల ఆచారములలో ఒకటియని చెప్పియున్నాడు. ఆ మనువే వడ్డీలను గుఱించి చెప్పుచు, సముద్రయానమున నేర్పరులైనవారు నిర్ణయించిన వడ్డీని ప్రమాణముగా అంగీకరించినాడు. శాకుంతలమున ఓడ మునిగి మరణించిన వర్తకుని సంగతి తెలిసినపుడు, దుష్యంతుడు వాని సొత్తు ఎవరికి చెందవలెనని విచారించెనేకాని, వాడు ఓడ యెక్కుటయే తప్పని అనలేదు. గ్రంథములు నిషేధించుచుండగనే ఓడలు నడచుచుండెనని దీనివలన తెలియుచున్నది. 1888లో గాంధి లండనునకు బయలుదేరినపుడు బొంబాయిలో కులపెద్దలు ఆయనను వెలివేసిరి. ఆ వెలి ఆయనను ఆపలేదు.

ఇంతకును ఆ నిషేధము ఎవరిని బంధించెను? తినుటకు ఉన్నవారిని మాత్రమే. మన జిల్లాల పేదవారు దానిని ఎన్నడును లక్ష్యపెట్టలేదు. లక్ష్యపెట్టుటకు వారికి వీలును లేకుండెను. మన పల్లెలలో వృద్ధులు రంగూనును రంగమనెడివారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి 1941 వఱకును కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి ఏటేట వేలకొలది జనులు పొగయోడలెక్కి రంగమునకు పోయివచ్చుచుండిరి. వరికోతలు, బియ్యపు మిల్లులు, రేవులో బస్తాల మోత, ఇవి వారి పనులు. బర్మావారు వారిని కోరంగులనిరి. అది మన గోదావరి ముఖమందలి రేవు పేరు. 1931 జనగణన నాటికి బర్మాలో తెలుగువారు లక్షకు పైబడియుండిరి. రంగూను నగర జనములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే.

వీరు పోయిన విధమెట్టిది? మేస్త్రీ యనువాడు పల్లెకు వచ్చి, ఓడ కిరాయి ముందుగా పెట్టి, ఇంటివారికి కొంత బయానా ఇచ్చి, కూలివానిని కొనిపోవును. ఆ బాకీ తీఱువఱకు వాని కూలి మేస్త్రీ చేతిలో నుండును. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మా కూలీలకును కొట్లాటలు జరిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడినపుడు, లక్షలమంది అరకాను, అస్సాము అడవుల గుండ కాలినడకను స్వదేశమునకు పరుగెత్తిరి. 1942లో ఆ త్రోవల వెంబడి చచ్చినవారు వేలకు వేలు. 1960 తరువాతి సంవత్సరములలో మఱికొందఱు ఉన్నదంతయు వదలుకొని తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు వారి గుర్తే. మన ఉత్తరాంధ్రమునకు పరదేశయానము క్రొత్తదని చెప్పువారు ఈ చరిత్ర మఱచినవారు. మనకు క్రొత్తది పరదేశయానము కాదు, అప్పులేని పరదేశయానము.

ఆ పోయినవారిలో ఒకని సంగతి ఇచ్చట చెప్పవలసియున్నది. మల్లాడి సత్యలింగము నాయకరు కోరంగి ప్రాంతమున పేదకుటుంబములో పుట్టి, రంగూను చేరి, వ్యాపారమున ధనము గడించి, తన యాస్తిని ధర్మకార్యములకు, ముఖ్యముగా విద్యకు, వ్రాసియిచ్చెను. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు పోగోరినపుడు, మామగారి సాయముతోపాటు ఆ కాకినాడ ధర్మసంస్థ సాయమును లభించెను. 1923 అక్టోబరులో ఆయన ఒంటరిగా బోస్టను చేరెను; జేబులో చాలినంత సొమ్ము లేదు; ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేసి చదువు సాగించెను. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేటు, ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధనల ఫలములు. కోరంగి పేదవాడు సముద్రము దాటి తెచ్చిన సొమ్ము భీమవరపు పేదవానిని మఱొక సముద్రము దాటించినది. వీరిద్దఱిలో ఎవరి యింటివారైనను "ఎవరితో వెళ్తావు?" అను ప్రశ్నతోనే ఆపియుండినచో లోకమునకు ఎంత నష్టము వాటిల్లెడిదో చదువరులే ఊహింపవచ్చును.

ఇక నేటి సంగతి. నాటి మేస్త్రీ పోయెను, ఏజెంటు వచ్చెను. ఉద్దానమున కొబ్బరితోటల నడుమనున్న ఊళ్లలో, సోంపేట, కవిటి, కంచిలి ప్రాంతములలో, పరదేశమునకు కూలికి పోయినవారు లేని వీధి అరుదు. వారిలో నిజమైన ఉద్యోగము దొరకి ఇల్లు నిలబెట్టినవారు కలరు. మోసపోయి, పాస్‌పోర్టు యజమాని చేతజిక్కి, అప్పు మాత్రము మిగుల్చుకొని వచ్చినవారును కలరు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన వ్యవహారము ఇంకను దారుణమైనది. డేటా ఎంట్రీ ఉద్యోగములని ఆశపెట్టి, మన ప్రాంతపు యువకులను కంబోడియాకు చేర్చి, ముఠాలచేతులలో పెట్టి, కంప్యూటరులయెదుట కూర్చుండబెట్టి, తోటి భారతీయులనే మోసగించు పనికి వారిని నిర్బంధించిరట. అట్లు చిక్కుకొన్నవారిలో పలువురు చదువుకొన్నవారే. పోవుచున్నది ఉద్యోగమునకు, చేతిలోని వీసా విహారయాత్రికునిది. ఈ రెంటికిగల భేదము విమానమెక్కుటకు ముందు వారికి చెప్పినవారు లేరు.

పదియేండ్లు ఇంగ్లీషు చదివిన పిల్లవానికి తన వీసామీద వ్రాసిన రెండు పంక్తులు చదివి అర్థముచేసికొను శక్తి లేకుండుటకు కారణమేమి? వాని జీవితమున మొదటి పరదేశయాత్రయే అప్పుతో, భయముతో, పరుల నాయకత్వమున జరుగుటయే కారణము. పదవతరగతి గట్టెక్కినవాని పాస్‌పోర్టునకు వలస అనుమతిముద్ర అక్కఱలేదనియు, గట్టెక్కనివాడు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు పనికి పోవుటకు ఆ యనుమతి తప్పక పొందవలెననియు, అది వానిని ఆపుటకు కాక కాపాడుటకు ఏర్పడినదనియు ఎందఱికి తెలియును? ప్రభుత్వపు పట్టికలో పేరున్న ఏజెంటు మాత్రమే మనుష్యులను పనికి పంపవచ్చుననియు, వాడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును దానిపై పన్నును మించరాదనియు, ఉద్దానమున ఎన్ని యిండ్లలో తెలిసియున్నది? ఈ చదువు ఏ బడిలోను చెప్పరు. ఒకమాఱు తనంతతాను పొలిమేర దాటి తిరిగివచ్చినవానికి ఇందులో సగము తానుగా అబ్బును. వీసా అనగానేమో, తిరుగుటికెట్టు అనగానేమో, పాస్‌పోర్టు ఎవరికిని అప్పగింపరాదని ఏల యందురో వానికి చెప్పవలసిన పనిలేదు. కావుననే, చౌకగా, ఒంటరిగా, తిరిగివచ్చుటకే పోవు మొదటి పరదేశయాత్ర మన జిల్లాల యువజనులకు విలాసము కాదు, ఆత్మరక్షణవిద్య యని మేము వాదించుచున్నాము.

ఇక అభ్యంతరములకు వత్తము. మొదటిది సొమ్ము. "ఆ డబ్బుతో కాసు బంగారం కొనుక్కోవచ్చు గదా" అని అమ్మలందురు. నేటి ధరలకు ఆ సొమ్ముతో కాసు రాదను మాట అటుంచుడు. పరదేశయాత్ర అనగానే మనవారి కన్నులయెదుట లండను, ప్యారిసు, స్విట్జర్లాండు మంచుకొండలు నిలుచును. పరదేశము మన గుమ్మముననే కలదు. నేపాళమునకు భారతీయులకు వీసా అక్కఱలేదు. పాస్‌పోర్టుగాని ఓటరు కార్డుగాని చాలును. మన రూపాయికి వారి రూపాయి 1.60 చొప్పున 1993 నుండి స్థిరముగా నున్నది. ఏ నోట్లు చెల్లునో, ఎంత సొమ్ము తీసికొనిపోవచ్చునో, అను నియమములు మాఱుచుండును గనుక బయలుదేరుటకు ముందు విచారించుకొనవలెను. మేము ఒక వేసవి సెలవులలో ఆమదాలవలసలోని శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో రైలెక్కి హౌరా చేరి, అచ్చటినుండి రక్సౌలు పోయి, వంతెన దాటి బీర్‌గంజిలో అడుగుపెట్టితిమి. కాఠ్మాండు, లుంబిని చూచి, సునౌలీ దాటి గోరఖ్‌పురము మీదుగా తిరిగివచ్చితిమి. పండ్రెండు దినములకు రైలు, బస్సు, బస, భోజనము సమస్తము కలిపి మా లెక్కపుస్తకమున 14,600 రూపాయలు తేలినది. మన పట్టణములలో పెండ్లికి ముందు వధూవరులను తోటలలో నిలువబెట్టి ఫోటోలు తీయించుటకు ఇచ్చెడి సొమ్ముతో ఇట్టి యాత్రలు రెండు మూడు చేయవచ్చును. ఆ ఫోటోల కర్చునకు "ఏం లాభం?" అని అడిగిన పెద్దను మేమింతవఱకు చూడలేదు.

లాభము మాట వచ్చినది గనుక చెప్పుదుము. వంశధార యొడ్డున శాలిహుండము కొండమీది స్తూపమును మా విద్యార్థులకు పలుమాఱులు చూపియుంటిమి. విజయనగరము చెంత రామతీర్థమున బౌద్ధుల శిథిలములు కలవు. వీనినడుమ పెరిగినవానికిని లుంబిని పాఠ్యపుస్తకములోని ఒక పేరు మాత్రమే. అచ్చటి అశోకస్తంభము నెదుట నిలువబడి, ఆ రాజు పట్టాభిషేకమైన ఇరువదవ యేట స్వయముగా వచ్చి పూజించి ఆ యూరి పన్ను తగ్గించినట్లు దానిమీద చెక్కబడియున్నదని తెలిసికొన్నపుడు, మాకు తట్టిన లెక్క వేఱు. కళింగయుద్ధము అతని యెనిమిదవ యేటిది. మన నేలను నెత్తుటితో తడిపిన పండ్రెండేండ్లకు అతడు అచ్చట మోకరిల్లెను. ఈ లెక్క మన బడిలో కూర్చుండియు వేయవచ్చును. కాని ఇరువదియేండ్లు చరిత్ర చెప్పిన మాకు అంతవఱకు తట్టలేదు. తిరిగివచ్చిన పిమ్మట మేము చెప్పిన అశోకుని పాఠము మునుపటి పాఠము కాదని మా పిల్లలే యనిరి. గురువులకు ఇంతకుమించిన లాభమేమి కావలెను?

రెండవ యభ్యంతరము ఒంటరితనము. "పోతే పొండి, గుంపుతో పొండి, ట్రావెల్సువాడు అన్నీ చూసుకుంటాడు" అందురు. ముదుసలులకు, రోగులకు, ఆ యేర్పాటు మంచిదే. కాని నలువదిమంది తెలుగువారు తెలుగు వంటవానితో ఒకే బస్సులో ఎక్కి, తమలో తామే మాటలాడుకొని, పప్పుచారు తిని, నాలుగు ఫోటోలు దిగి వచ్చినచో, వారు దేశము దాటలేదు; తమ వీధినే చక్రములమీద కొనిపోయిరి. ఒంటరిగా పోయినవాడు త్రోవ అడుగవలెను, ధర తెలిసికొనవలెను, తప్పు బస్సెక్కినచో దిగి వెనుకకు రావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. మన జిల్లాలలో "మీరెవరండీ?" అని అడిగినవాడు పేరుకాని వృత్తికాని అడుగుటలేదు, కులము అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకు పుట్టిననాటినుండి జవాబు చెప్పుచున్నవానికి, తన కులమెవరికిని తెలియని, తండ్రిపేరుతో పనిలేని, మాటతీరును నడవడియు మాత్రమే ఆధారముగాగల పదిదినములు ఎట్టి స్నానమో అనుభవించినవారికే తెలియును. అగ్రకులమువాడు అచ్చట గౌరవము జన్మతో రాదని నేర్చుకొనును. అణగద్రొక్కబడినవాడు తలయెత్తి నడచుట ఎంత తేలికయో నేర్చుకొనును. కులనిర్మూలనమునుగుఱించి సభలలో మాటలాడు సంస్కర్తలు ఈ చౌకబడిని ఏల మఱచిరో మాకు బోధపడదు.

మూడవ యభ్యంతరము సామెతల రూపమున వచ్చును. "తిరిగిన కాలు, తిట్టిన నోరు ఊరకుండవు" అని యొకరు. "ఇంట గెలిచి రచ్చ గెలువవలె" నని యొకరు. ఇంట గెలుచుట యనగా ఇంటిలోనే ముసలియగుట యని ఆ సామెత చెప్పిన పెద్దలు తలంచియుండరు. హనుమంతుడు మహేంద్రగిరినుండి ఒంటరిగా సముద్రము దాటినాడని రామాయణము పారాయణ చేసెడి యిండ్లలోనే ఈ సామెతలు ఎక్కువగా వినబడును. మందసకు ఎగువనున్న మన మహేంద్రమే అదియని మేము పట్టుపట్టము. కాని ఆ వానరుడు అప్పుచేయలేదు, గుంపును వెంటబెట్టుకొనలేదు, గుర్తింపునకు ఉంగరమొకటి జాగ్రత్తగా పట్టుకొనిపోయెను, పోయిన పని చూచుకొని తిరిగివచ్చి చూచినదంతయు చెప్పెను. మొదటిమాఱు పరదేశము పోవువానికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

నాలుగవది అన్నిటికంటె బలమైనది; దానిని మేము తేలికచేయము. అది ఆడపిల్లల క్షేమము. మా యెఱుకలో నరసన్నపేట చెంత పల్లెకు చెందిన ఉపాధ్యాయిని యొకతె కలదు. ఇరువదియెనిమిదేండ్లది; ఐదేండ్లుగా జీతము తెచ్చుచున్నది; తమ్ముని ఇంజనీరింగు చదువునకు రుసుము కట్టినది ఆమెయే. తన సొమ్ముతో పాస్‌పోర్టు తీసికొన్నది. సింహళద్వీపమునకు ఎనిమిది దినములు ఒక్కతెయే పోయివత్తునని అడిగినది. "పెళ్లయ్యాక మీ ఆయనే తీసుకెళ్తాడులే తల్లీ" అని తండ్రి నవ్వెను. ఆయన క్రూరుడు కాడు, కూఁతురనిన ప్రాణము. ఆ సంవత్సరమే తమ్ముడు పైచదువునకు పరదేశము పోవుటకు బ్యాంకులో పెద్ద అప్పుచేసిరి. హామీకాగితముమీద ఆమెయును సంతకము చేసినది. ఇరువదిరెండేండ్ల తమ్ముడు ఎన్నడును చూడని దేశమునకు అప్పుతో ఒంటరిగా పోవచ్చును. ఆ యప్పునకు పూచీపడిన అక్క ఎనిమిది దినములు పోరాదు. ఆమె పాస్‌పోర్టు పెట్టెలో చీరలక్రింద నున్నది. పదియేండ్ల గడువులో మూడేండ్లు అట్లే గడచినవి.

ఆ తండ్రికి మేము చెప్పెడిదేమనగా, అయ్యా, తమ భయము నిజమే. కాని దానికి తాము చూపిన మందు తప్పు. అపాయము పరదేశముననే లేదు. శ్రీకాకుళము కాంప్లెక్సులో రాత్రి పదిగంటలకును కలదు. తమ బిడ్డ ఐదేండ్లుగా ప్రతిదినము బస్సెక్కి పనికి పోవుచు దానిని ఎదుర్కొనుచునే యున్నది. వెలుతురుండగనే క్రొత్త యూరు చేరవలెను. మొదటి రెండురాత్రుల బస ముందుగా కుదుర్చుకొనవలెను. ప్రతిరాత్రి ఒకే వేళకు ఇంటికి ఫోను చేయవలెను. కాగితముల నకళ్లు ఇంట ఒకటి, తనవద్ద ఒకటి ఉంచవలెను. మన రాయబార కార్యాలయపు ఫోను నెంబరు కాగితముమీద వ్రాసికొనవలెను. తిరుగుకర్చు వేఱుగా దాచవలెను. అపరిచితుల మూట ఒక్కటియు మోయరాదు. ఈ యేడు జాగ్రత్తలు మగవానికిని ఇంతే యవసరము. మగడు తీసికొనిపోవునను మాట ఒక వాగ్దానము. ఆమె జీతము ఒక సత్యము. సత్యమును ఆపి వాగ్దానమునకు కాచుకొమ్మనుట పెద్దలకు తగునా? ఒక తెలుగుస్త్రీ, పోతం జానకమ్మ, ఇంగ్లండు చూచి తెలుగున వ్రాసిన సంగతులు ఇంగ్లీషులోనికి మాఱి 1876లోనే మదరాసున అచ్చయినవి. ఆమె భర్తతో పోయినదందురేమో. నూటయేబది యేండ్లనాడు భర్తతో పోవుటయే సాహసము; ఇన్నాళ్లకును మనము ఆ యడుగుననే నిలువవలెనా?

బాలికలను బడికి పంపవలెనని ఆనాటి సంస్కర్తలు పోరాడినపుడు చెప్పిన అభ్యంతరములను జ్ఞప్తికి తెచ్చికొనుడు. త్రోవలో ఎవరు తోడు? చదివి యేమి లాభము? పెండ్లియైన పిమ్మట మగడు చదివించునులే. నాటి మూడు మాటలును నేటి మూడు మాటలును అక్షరము మాఱలేదు. నాడు ఆ మాటలను త్రోసిపుచ్చినవారి మనుమరాండ్రే నేడు మన బడులలో పాఠములు చెప్పుచున్నారు.

అందఱును అన్ని దేశములు తిరుగవలెనని మేము చెప్పుటలేదు. ఇల్లు గడవనివానిని యాత్రకు పొమ్మనుట పరిహాసము. అప్పుచేసి పోవు విహారమును మేము అప్పుచేసి చేయు పెండ్లితో సమానముగా నిందింతుము. మేము కోరునది స్వల్పము. పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి కుమారునికిని ప్రతి కొమార్తెకును పాస్‌పోర్టు తీయింపుడు, విశాఖపట్టణపు ప్రాంతీయ కార్యాలయము మనదే, సామాన్య రుసుము 1,500 రూపాయలు, గడువు పదియేండ్లు. సంపాదన మొదలైన పిమ్మట, వారు తమ మిగులుసొమ్ముతో దగ్గఱి దేశమొకటి పదిదినములు ఒంటరిగా చూచివత్తుమనినచో, అడ్డుతగులకుడు; జాగ్రత్తలు చెప్పి స్టేషనువఱకు పోయి సాగనంపుడు. తిరిగివచ్చినపుడు లెక్కపుస్తకము అడుగుడు, చూచినవి చెప్పుమనుడు, ఇంటిలోని చిన్నవారిని కూర్చుండబెట్టి వినిపింపుడు.

విజయనగరము జిల్లా భోగాపురమున 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన అంతర్జాతీయ విమానాశ్రయము మన పొలముల మీదనే లేచినది. దానికి భూములిచ్చినది మన పల్లెలే. ఆ ద్వారముగుండ మన బిడ్డలు ఏజెంటు వెంట, అప్పుకాగితములతో, వీసా చదువనేరక పోవలెనా, తమ సొమ్ముతో తమ త్రోవ తామెఱిగి పోయి రావలెనా యను నిర్ణయము ప్రభుత్వము చేతిలో లేదు. అది ఈ పత్రిక చదువు గృహస్థుల చేతిలోను, గృహిణుల చేతిలోను ఉన్నది. వేసవి సెలవులు వచ్చుచున్నవి. మీ యింట పెట్టెలో చీరలక్రింద దాగిన పాస్‌పోర్టు ఏదేని యున్నదేమో యీ రాత్రియే విచారింపుడని మా ప్రార్థన.